పాఠశాల రికార్డులు చరిత్రకు ఆధారాలుగా: హైదరాబాదు సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పాత పాఠశాలలో ఏయే రికార్డులు తయారవుతాయో, అవి ఎక్కడెక్కడికి చేరతాయో చెప్పగలుగుతారు.
• హైదరాబాదు రాజ్యం నాటి తేదీలను, రూపాయి లెక్కలను సరిగా చదవగలుగుతారు.
• ఒక రికార్డు ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అన్నది వేరుచేసి చూడగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అనగానే మనకు శాసనాలు, కోటలు, ఫర్మానాలు గుర్తుకు వస్తాయి. పాఠశాల బీరువాలో ఉండే అడ్మిషన్ రిజిస్టరు గుర్తుకు రాదు. అయితే ఒక ఊళ్లో ఏయే కుటుంబాల పిల్లలు చదువుకున్నారు, ఆడపిల్లలు బడికి ఎప్పుడు వచ్చారు, ఏ భాష నేర్చుకున్నారు అనే ప్రశ్నలకు శాసనాలు సమాధానం చెప్పవు. ఆ సమాధానాలు బడి రికార్డులలోనే దొరుకుతాయి. ఈ విషయాన్ని హైదరాబాదు ఆబిడ్స్ ప్రాంతంలోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలును ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

2. గ్రామర్ స్కూలు అంటే ఏమిటి?

ఇక్కడ గ్రామర్ అంటే ఇంగ్లీషు వ్యాకరణం అనుకోవడం సహజం. కాని ఇంగ్లండులో ఈ పేరు లాటిన్ వ్యాకరణం నేర్పే బడులకు వచ్చింది. మధ్యయుగాలలో చర్చికి, న్యాయస్థానాలకు, విశ్వవిద్యాలయాలకు లాటినే భాష. 1805లో లీడ్స్ పట్టణపు గ్రామర్ స్కూలు వివాదంలో లార్డ్ ఎల్డన్, ఇటువంటి బడి నిధులు ప్రాచీన భాషల బోధన కోసమే ఉద్దేశించినవని తీర్పు చెప్పాడు. ఇతర విషయాలు చేర్చుకోవడానికి 1840లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. ఈ పేరు ఇంగ్లీషువారితో పాటు వలస దేశాలకు వచ్చినప్పుడు, ఇంగ్లీషు పద్ధతిలో నడిచే బడి అనే అర్థం దానికి ప్రధానమైంది.

3. హైదరాబాదు నేపథ్యం

సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834లో ప్రారంభమైంది. హైదరాబాదు రాజ్యంలో తొలి ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలగా దీనికి పేరుంది. ఆ సంవత్సరాన్ని చుట్టూ జరిగిన సంఘటనలతో కలిపి చూడండి. మెకాలే తన ప్రసిద్ధ విద్యా నివేదికను 1835 ఫిబ్రవరి 2న సమర్పించాడు. అంటే ఈ బడి దానికంటే ముందే పుట్టింది. పైగా హైదరాబాదు కంపెనీ పాలనలోని ప్రాంతం కాదు. అప్పుడు నాసిరుద్దౌలా నిజాముగా ఉన్నాడు. రాజ్యంలో పరిపాలనా భాష పారశీకం. కనుక "మెకాలే వల్ల హైదరాబాదులో ఇంగ్లీషు బడి వచ్చింది" అనే వాక్యం కాలక్రమం దగ్గరే నిలబడదు.

మరి కారణం ఎక్కడ వెతకాలి? 1798 సైన్య సహకార ఒప్పందం తరువాత బ్రిటిష్ రెసిడెంటు ప్రాబల్యం పెరిగింది. కోఠిలో రెసిడెన్సీ భవనం, 1806 నుండి సికింద్రాబాదులో కంటోన్మెంటు ఏర్పడ్డాయి. వీటి చుట్టూ ఇంగ్లీషు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. ఇంగ్లీషు చదువుకు మొదటి అవసరం ఈ పరిసరాలలో కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వం, ప్రభువర్గం ఆ దారిలోకి తరువాత వచ్చాయి. నిజాం కళాశాల 1887లో ఏర్పడి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది.

4. రికార్డులు ఎక్కడెక్కడ ఉంటాయి?

ఏ పాత బడిలోనైనా సాధారణంగా తయారయ్యే రికార్డులు ఇవి: అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకాలు, హాజరు పట్టీలు, ఫీజుల ఖాతాలు, పాలకవర్గం మినిట్స్ పుస్తకం, తనిఖీ నివేదికలు, బహుమతుల జాబితాలు, వార్షిక సంచికలు, తరగతి ఫొటోలు.

ఇవన్నీ ఒకే చోట ఉంటాయని అనుకోకూడదు. ఒక కాగితాన్ని ఎవరు, ఎవరికి రాశారు అన్నదాన్ని బట్టి అది చేరే చోటు మారుతుంది. బడి తన కోసం రాసుకున్నది బడిలో ఉంటుంది. చర్చికి పంపిన నివేదిక చర్చి దస్త్రాలలో ఉంటుంది. దక్షిణ భారతంలోని ఆంగ్లికన్ చర్చిలు 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిశాయి కాబట్టి అధికార మార్పును కూడా గుర్తుంచుకోవాలి. రెసిడెంటు కార్యాలయానికి చేరిన ఉత్తరాలను ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోని హైదరాబాదు రెసిడెన్సీ రికార్డులలోను, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు రికార్డులలోను వెతకాలి. నిజాం ప్రభుత్వంతో నడిచిన వ్యవహారం కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అక్కడి పాత దస్త్రాలలో అత్యధికం పారశీకం, ఉర్దూ భాషలలో ఉన్నాయి.

5. చదివేటప్పుడు జాగ్రత్తలు

తేదీ: హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం వాడేవారు. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు 1318 ఫసలీ అంటే 1908-09. అయితే ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. మూసీ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. అందువల్ల అది 1317 ఫసలీలోకి వస్తుంది. నెల చూడకుండా 590 కలిపితే ఆ వరదను 1907లో పెడతాం.

రూపాయి: రాజ్యంలో హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా రూపాయి అయిన కల్దార్ రెండూ చెలామణి అయ్యాయి. 20వ శతాబ్దంలో సుమారుగా 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. ఒక ఖాతాలో ఫీజు 6 రూపాయలు, మరొక ఖాతాలో 7 రూపాయలు అని ఉంటే ఫీజు పెరిగిందని వెంటనే తేల్చకూడదు. నాణెం మారిందేమో ముందు చూడాలి.

స్థలం పేరు: బుద్వేల్‌కు చెందిన ఒక కుటుంబంలో తండ్రి 1970లో, కొడుకు 1990లో బడిలో చేరారనుకుందాం. తండ్రి పేరు ఎదుట హైదరాబాదు జిల్లా అని, కొడుకు పేరు ఎదుట రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది. కుటుంబం వలస పోలేదు. 1978లో కొత్త జిల్లా ఏర్పడింది, అంతే.

6. రికార్డు చెప్పనిది

రిజిస్టరులో చేరినవారి పేర్లే ఉంటాయి. గేటు దాకా కూడా రాలేని పిల్లల పేర్లు ఉండవు. అందువల్ల ఇంగ్లీషు బడి రికార్డులను మాత్రమే చదివితే నగరమంతా ఇంగ్లీషు వైపు కదిలినట్టు కనిపిస్తుంది. పక్కనే ఉన్న ఇతర సంస్థల చరిత్రతో కలిపి చదివితే చిత్రం మారుతుంది. రెసిడెన్సీ పరిసరాలలోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. 1921లో వివేకవర్ధిని సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును హేళన చేయడంతో ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1928లో మాడపాటి హనుమంతరావు కృషితో తెలుగు బాలికల పాఠశాల ఏర్పడింది. ఒకే నగరంలో ఒక భాషకు బడి ముందే ఉంది, మరొక భాష బడి కోసం పోరాడవలసి వచ్చింది. ఒక్క రిజిస్టరు ఈ తేడాను చూపలేదు.

7. ఈ రికార్డులు ఎందుకు నిలవాలి?

బడి రిజిస్టరు పరిశోధకులకు మాత్రమే పనికివచ్చేది కాదు. స్టడీ సర్టిఫికెటు, టీసీ దాని నుండే రాసిస్తారు. 2015 బాలన్యాయ చట్టం 94వ సెక్షను ప్రకారం వయసు తేల్చవలసి వచ్చినప్పుడు ముందుగా చూసే ఆధారాలలో బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం ఒకటి. అంటే ఒక పేజీ చెదలుపడితే చరిత్రతో పాటు ఒక మనిషి హక్కు కూడా పోవచ్చు. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వం, దాని సంస్థల రికార్డులకు ఉద్దేశించినది. ప్రైవేటు పాఠశాలల రిజిస్టర్లు దాని పరిధిలోకి రావు. వాటి భద్రత ఆ బడి యాజమాన్యం శ్రద్ధ మీదనే ఆధారపడి ఉంటుంది. తేమ తగలని గది, గోడకు ఆనని బీరువా, జాబితా, స్కాన్ చేసిన ప్రతి, ఈ నాలుగూ ఉంటే చాలావరకు నష్టం తప్పుతుంది.

8. సారాంశం

పాఠశాల రికార్డు ప్రాథమిక ఆధారం. కాని దాన్ని ఎవరు, ఎందుకు, ఏ లెక్కలో రాశారో తెలిసినప్పుడే దాని అర్థం తెలుస్తుంది. ఒక సంస్థ రికార్డును ఇతర సంస్థల రికార్డులతో పోల్చాలి. రికార్డులో లేనివారిని గురించి కూడా ప్రశ్నించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు ఆవిర్భావానికి మెకాలే నివేదిక కారణం కాదని ఎలా చెప్పగలం?
2. 1357 ఫసలీ ఏ క్రీస్తు శక సంవత్సరాలకు సమానం?
3. ఒక బడి "మొదటిది" అని చెప్పడానికి ఏయే రకాల రికార్డులు చూడాలి?

అభ్యాసం: మీకు దగ్గరలోని పాత పాఠశాలకు వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో అక్కడి అత్యంత పాత అడ్మిషన్ రిజిస్టరును చూడండి. పిల్లల పేర్లు రాసుకోవద్దు. గడుల శీర్షికలు, వాడిన భాష, మొదటి 50 మందిలో బాలికల సంఖ్య, తండ్రుల వృత్తులు మాత్రం నమోదు చేసి, వాటి ఆధారంగా ఒక పేజీ వ్యాసం రాయండి.