మీకు తెలుసా? ఉప్పాడ ఇసుకలో బంగారం

బియ్యం గాలించడం వచ్చినవాళ్లకు బంగారం గాలించడం సగం వచ్చినట్టే. గిన్నె అడుగున రాళ్లు మిగిలినట్టు పళ్లెం అడుగున బంగారం మిగులుతుంది. మామూలు ఇసుక నీటికన్నా సుమారు 2.65 రెట్లు బరువైతే, మేలిమి బంగారం 19.3 రెట్లు. పళ్లెం తిప్పుతూ పైఇసుకను నీళ్లతో జారనివ్వాలి. నల్ల ఇసుక కనబడగానే చెయ్యి నెమ్మదించాలి. బంగారు రజనుంటే అక్కడే ఉంటుంది.

బంగారం కోసం చిలకలూరిపేట ఓగేరు వాగు మీద నేనైతే ఆశ పెట్టుకోను. బంగారానికి బదులు సీసపు గుళ్లు నాలుగు కలిపి చెయ్యి తిప్పడం నేర్చుకోవడానికి ఆ ఇసుక చాలు.

2020 నవంబరులో నివర్ తుఫాను వెలిశాక కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరంలో మాత్రం జనం ఇసుకలో వెతికి బంగారు నలుసులు ఏరుకున్నారు. సముద్రం మింగిన పాత ఇళ్లదీ గుళ్లదీ ఆ బంగారమని ఊరివాళ్ల మాట.