ఇంటి నుంచే పాత్రధారులు!

గోపన్‌పల్లి: చిన్న నాటకానికైనా దర్శకులు ముందుగా వాచకం, ఆంగికం, గాత్రం పరీక్షించి నటులను ఎంపిక చేస్తారు. ఇదే శేరిలింగంపల్లి ప్రాంతంలోని సురభి కళాకారుల సంప్రదాయం ఇందుకు భిన్నం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో మొదలైన ఈ కుటుంబ నాటక పరంపరలో పాత్రలు ఇంటివారికే దక్కుతాయి. పసితనంలోనే రంగమెక్కిన చిన్నారులు బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి వేషాలు కడతారు. తెర వెనుక విన్న సంభాషణలే వారికి పాఠాలు. వయసు, రూపం, హార్మోనియం శ్రుతికి నిలిచే గొంతును బట్టి పెద్ద పాత్రలకు ఎదుగుతారు. ప్రముఖ దర్శకుడు బి.వి.కారంత్ సైతం ‘బస్తీ దేవత యాదమ్మ’ను ఈ కుటుంబాలవారితోనే తీర్చిదిద్దారు.

ఈ పద్ధతిలో శిక్షణకు కొదవ లేదు. అయితే పిల్లలు చదువులు, కొలువుల వైపు మళ్లితే వేషానికి వారసుడు కరవవుతాడు. బయటివారిని ఎంపిక చేసుకుందామన్నా, ఊయల నాటి నుంచి అబ్బిన విద్య ఒక్కరోజు పరీక్షలో దొరికేది కాదు.