నాన్నగారి లెక్క తప్పలేదు

మొన్న సార్వా ధాన్యం అమ్మిన రోజున మా కళ్ళంలో చిన్న గొడవ జరిగింది. 38 బస్తాలు, బస్తా 1,700 రూపాయలు. షావుకారు చీటీ రాసి నాన్నగారి చేతికిచ్చాడు. ఆయనకు 74 ఏళ్ళు. చీటీ చూసి, "ఆరువందలు తక్కువ వేశావేమయ్యా?" అన్నారు. నేను తీసుకొని చూస్తే 64,600 అనే ఉంది. "నాన్నా, మీకు లెక్కలు తప్పుతున్నాయి. ఇక నేను చూసుకుంటాను" అని నలుగురిలో అనేశాను. ఆయన మారు మాట్లాడలేదు. ఆనాటి నుండి పాల డబ్బులు సైతం లెక్కపెట్టకుండా నా చేతిలో పెట్టేవారు.

రెండు నెలల తర్వాత కంటి శిబిరంలో ఆయనకు రెండు కళ్ళకూ శుక్లాలున్నాయని తేలింది. చీటీలోని ఆరును సున్న అనుకున్నారు. మనసులో వేసుకున్న లెక్క మాత్రం సరైనదే! నలభై బస్తాలకు 68,000, అందులో రెండు బస్తాలవి 3,400 తీసివేత. ఇదీ ఆయన పద్ధతి. కాగితంతో పనిలేదు.

వయసు మీద పడితే మెదడు చురుకుదనం తగ్గదా అంటే, తగ్గుతుంది. అయితే అన్నీ ఒకేసారి తగ్గవు. అమెరికాలోని సియాటిల్‌లో వార్నర్ షాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో ఒక పరిశోధన ప్రారంభించి, అవే మనుషులను ఏడేళ్ళకొకసారి పరీక్షిస్తూ వచ్చారు. ముందుగా తగ్గేది వేగం. మాటల సంపద చాలాకాలం నిలుస్తుంది. లెక్కల నేర్పు అంతకంటే ముందే సన్నగిల్లుతుంది గాని, ఇద్దరు మనుషులు ఒక్క తీరుగా ఉండరు. శకుంతలా దేవి 1980 జూన్ 18న లండన్‌లో రెండు పదమూడంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించినప్పుడు ఆమెకు యాభై ఏళ్ళు.

వీధిబడిలో వల్లించిన ఎక్కాలు మాటల్లాగే మనసులో పాతుకుపోతాయి. ఏడెనిమిదులు ఎంతంటే తాతగారు తడుముకోరు. ఒక అంకెను మనసులో పట్టి ఉంచి, మరొకటి కలుపుతూ, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ అందుకోవడం, అదే కష్టమవుతుంది. దీనిని మతిమరుపు జబ్బు అనుకోకూడదు.

కాని అశ్రద్ధ చేయరాని గుర్తులూ ఉన్నాయి. ఏళ్ళ తరబడి చేసిన బ్యాంకు పనే అర్థం కాకపోవడం, కట్టిన బిల్లే మళ్ళీ కట్టడం, అప్పు ఎవరికిచ్చారో గుర్తులేక తగవు పడడం వంటివి. అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మార్సన్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆల్జీమర్స్ వ్యాధి తొలిదశలో నాణేలు, నోట్లు లెక్కపెట్టడం బాగానే ఉంటుంది; బ్యాంకు లెక్కలు, చెక్కు వ్యవహారాలు దెబ్బతింటాయి. కాబట్టి "చిల్లర బాగానే లెక్కపెడుతున్నారుగా" అని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. బి12 విటమిను లోపం, థైరాయిడ్, దిగులు, నిద్రమాత్రలు కూడా మతిని మందగింపజేస్తాయి. వీటికి వైద్యం ఉంది. కళ్ళు, చెవులు తప్పక పరీక్ష చేయించండి. నేను చేయవలసిన మొదటి పని అదే, చేయనిది కూడా అదే.

అలాగని పెద్దవారి చేతిలోని తాళపుచెవి ఒక్కరోజున లాక్కోవడం కంటే పక్కన కూర్చొని కలిసి చూడడం మేలు. పెద్ద మొత్తాలకు రెండో సంతకం పెట్టుకోవచ్చు. ఫోనులో రహస్య అంకెలు అడిగేవారి సంగతి మాత్రం కచ్చితంగా చెప్పి ఉంచాలి. అక్కడ మోసపోయేది ముసలివారే కాదనుకోండి.

ఆపరేషన్లు అయ్యాక దాళ్వా ధాన్యం అమ్మాము. 41 బస్తాలు, బస్తా 1,750. చీటీ నాన్నగారికే ఇవ్వమన్నాను. షావుకారు ఫోనులో అప్పటికే లెక్క తేల్చి, చెప్పబోయాడు. ఆగమని సైగ చేశాను. నాన్నగారు కళ్ళు మూసుకొని చాలాసేపు పెదవులు కదిపారు. తర్వాత చీటీ చూసి, "డెబ్భై ఒక్క వేల ఏడువందల యాభై. సరిపోయింది" అని నా చేతికిచ్చారు.