ట్రయంఫ్ టీఆర్3 స్టీరింగ్ బాక్స్ పునరుద్ధరణ

కోవెంట్రీకి చెందిన స్టాండర్డ్ మోటార్ కంపెనీ 1955లో విడుదల చేసిన ట్రయంఫ్ టీఆర్3 స్పోర్ట్స్ కారులో కామ్ అండ్ పెగ్ తరహా స్టీరింగ్ బాక్స్ ఉంటుంది. 1961లో వచ్చిన టీఆర్4లో దాని స్థానాన్ని ర్యాక్ అండ్ పినియన్ ఆక్రమించింది. స్టీరింగ్ కడ్డీ అడుగు కొసన మెలి తిరిగిన గాడి గల ఉక్కు భాగాన్ని కామ్ అనీ, ఆ గాడిలో ఇమిడి కదిలే శంకువు ఆకారపు మొనను పెగ్ అనీ అంటారు. స్టీరింగ్ తిప్పినప్పుడు పెగ్ గాడి వెంట జరుగుతూ, తనను మోసే రాకర్ షాఫ్టును తిప్పుతుంది. ఆ షాఫ్టుకు బిగించిన డ్రాప్ ఆర్మ్ అనే చేయి ఆ కదలికను లింకుల ద్వారా ముందు చక్రాలకు చేరవేస్తుంది.

వాహనం ఎక్కువ సేపు తిన్నగానే సాగుతుంది కనుక గాడిలో నడిమి భాగమే ముందుగా అరిగి, స్టీరింగ్ వదులవుతుంది. బాక్స్ మూత మీది స్క్రూను బిగిస్తే పెగ్ లోతుగా దిగి నడుమ వదులు తగ్గుతుంది గానీ, అరగని కొసల దగ్గర అదే పెగ్ పట్టేసి, మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోతుంది. అరుగుదల హద్దు మీరినప్పుడు బాక్స్ విప్పక తప్పదు.

విప్పే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా కదుపుతుండగా మరొకరు డ్రాప్ ఆర్మ్‌ను గమనించాలి: అది కదలకపోతే లోపం బాక్స్‌లో ఉన్నట్లు; అది కదిలినా ముందు చక్రాలు కదలకపోతే బాల్ జాయింట్లలోనో, లింకుల్లోనో ఉన్నట్లు.

డ్రాప్ ఆర్మ్, షాఫ్టు కలిసే చోట గుర్తు పెట్టుకుని, సుత్తి దెబ్బలతో కాక పుల్లర్‌తో ఆర్మ్‌ను ఊడదీయాలి. పెగ్ మొన ఒక పక్క చదునుగా అరిగినా, గాడి గోడల మీద గుంటలు పడినా ఆ భాగాలను మార్చవలసిందే. షాఫ్టులో పగులు ఉంటే వెల్డింగ్‌తో అతికించడం ప్రాణాంతకం. షాఫ్టును పట్టి ఉంచే బుష్‌ను, నూనె కారకుండా ఆపే సీల్‌ను కూడా కొత్తవి వేయడం మేలు.

తిరిగి బిగించేటప్పుడు వరుస తప్పకూడదు. ముందుగా, షిమ్‌లు అనే పలుచని లోహపు బిళ్లల సంఖ్యను మార్చి, కామ్ ముందుకూ వెనక్కూ జరగకుండా, అయినా స్వేచ్ఛగా తిరిగేలా బేరింగులను సరిచూడాలి. ఆ తరువాతే స్టీరింగ్‌ను సరిగ్గా నడుమ నిలిపి, చేతికి స్వల్పమైన పట్టు తెలిసే వరకు మూత మీది స్క్రూను బిగించి, గేర్ ఆయిల్ నింపి, రెండు కొసల వరకు తిప్పి ఎక్కడా పట్టేయడం లేదని నిర్ధారించుకోవాలి. వేగంగా పోయే కారును దారిలో నిలిపేది ఈ చిన్న పెగ్, గాడిల పొందికే కనుక, ఈ పనిలో ఓపికకు మించిన పనిముట్టు లేదు.