రెండో బ్యాటరీకి ఫ్యూజులెన్ని?

ట్రిపుల్‌ఈ, ఈసీఈ, డిప్లొమా, ఐటీఐ.. మీరు ఏది చదివినా ఇంటర్వ్యూలో ఈ చిన్న ప్రశ్న ఎదురుకావచ్చు: ‘ఫ్యూజు దేన్ని కాపాడుతుంది?’ చాలామంది ‘పరికరాన్ని’ అని టక్కున చెప్పేస్తారు. కారు స్టీరియోకు రెండో బ్యాటరీ బిగించే పని తెలిసినవాళ్లు మాత్రం ‘ముందుగా కేబుల్‌ని’ అంటారు. ఈ తేడా తెలియకపోతే పోయేది మార్కులు కాదు, కారే కాలిపోవచ్చు!

రెండోది ఎందుకు?

ఇంజిన్ ఆపి, పెద్ద యాంప్లిఫయర్‌తో పాటలు వింటే అసలు బ్యాటరీ దిగిపోతుంది. తర్వాత సెల్ఫ్ తిరగదు. అందుకే డిక్కీలో ఇంకో బ్యాటరీ పెట్టి, రెండింటి మధ్య ఐసొలేటర్ రిలే కలుపుతారు. ఇంజిన్ నడిచేటప్పుడు రిలే రెండింటినీ కలుపుతుంది, ఆల్టర్నేటర్ రెండింటినీ చార్జ్ చేస్తుంది. ఇంజిన్ ఆపగానే విడదీస్తుంది. ఇక స్టీరియో ఎంత వాడినా అసలు బ్యాటరీ జోలికి వెళ్లదు.

లెక్క మీ సిలబస్‌లోనిదే

600 వాట్ల యాంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే దానికి 750 వాట్లు కావాలి. 12.5 వోల్టుల దగ్గర అది 60 ఆంపియర్లు. ముందు నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల రాగి కేబుల్‌లో ఈ కరెంటు పోతోందనుకోండి. 6 చదరపు మి.మీ. తీగ అయితే దాదాపు 0.9 వోల్టులు తగ్గిపోతాయి, 50 వాట్లకు పైగా తీగలోనే వేడిగా మారుతుంది. 25 చదరపు మి.మీ. కేబుల్‌లో తగ్గేది సుమారు 0.2 వోల్టులే. ధర తక్కువని రాగి పూత వేసిన అల్యూమినియం తీగ కొంటే ఈ లెక్క తప్పుతుంది, దాని నిరోధం ఎక్కువ.

ఫ్యూజు సామర్థ్యం లోడ్ కరెంటు కంటే ఎక్కువగా, కేబుల్ మోయగలిగే దానికంటే తక్కువగా ఉండాలి. పై ఉదాహరణలో 25 చదరపు మి.మీ. కేబుల్‌కు 100 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది.

అసలు కిటుకు ఇక్కడే

కారు బాడీ మొత్తం నెగెటివే. మధ్యలో ఎక్కడో పాజిటివ్ కేబుల్ ఒరుసుకుని బాడీకి తగిలిందనుకుందాం. ముందు ఫ్యూజు పోతుంది. పని అయిపోయిందా? లేదు. వెనక బ్యాటరీ అదే తీగలోకి వందల ఆంపియర్లు పంపుతూనే ఉంటుంది! కేబుల్‌కు రెండు వైపులా బ్యాటరీ ఉన్నప్పుడు రెండు చివర్లా ఫ్యూజు ఉండాల్సిందే. అదీ ఒక్కో బ్యాటరీకి 45 సెం.మీ. లోపే. రెండో బ్యాటరీ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే తీగకు ఇంకోటి. మొత్తం మూడు.

ఇవీ గుర్తుంచుకోండి

- పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా నెగెటివ్ తీయాలి, చివరగా అదే బిగించాలి.
- రేకుకు రంధ్రం చేసి కేబుల్ లాగితే రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.
- డిక్కీలో ఏజీఎం రకం సీల్డ్ బ్యాటరీ పెట్టి, కదలకుండా బిగించాలి. మామూలు బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది.
- కొత్త కార్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటర్ మారుస్తుంటుంది. వాటికి మామూలు రిలే కాకుండా డీసీ-డీసీ చార్జర్ వాడటం మేలు. వారంటీ షరతులూ చూసుకోవాలి.

ఎలా నేర్చుకోవాలి?

నేరుగా కారు మీద ప్రయోగం వద్దు. 12 వోల్టుల చిన్న యూపీఎస్ బ్యాటరీ, 2 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు, రెండు 21 వాట్ల బల్బులు, మల్టీమీటర్ చాలు. ఒక బల్బు వెలిగించి కరెంటు కొలవండి. రెండోది సమాంతరంగా కలపండి. ఫ్యూజు ఎన్ని సెకన్లకు పోయిందో రాసుకోండి. అది తక్షణమే పోదని అప్పుడు తెలుస్తుంది.

తర్వాత అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర నాలుగు శనివారాలు గడపండి. లగ్గు క్రింపింగ్, తీగ దారి పట్టించడం, షార్ట్ వెతకడం పుస్తకంలో రావు. యాప్రాల్‌లో ఉండేవాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. సైనిక్‌పురి దాటితే ఈసీఐఎల్. 1967లో మొదలైన ఈ ప్రభుత్వ రంగ సంస్థ ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ వారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఐటీఐ వారు అప్రెంటిస్‌షిప్ ఇండియా, మిగతావారు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ప్రకటనల కోసం చూస్తుండాలి.

సోలార్ ఇన్వర్టర్, యూపీఎస్, విద్యుత్ వాహనం.. అన్నిటిలోనూ ఇదే డీసీ, ఇవే కేబుళ్లు, ఇదే సూత్రం. మీ రెజ్యుమేలో ‘బ్యాటరీ వైరింగ్ తెలుసు’ అని రాసి ఊరుకోకండి. మీరు గీసిన సర్క్యూట్, వేసిన లెక్క, కొలిచిన వోల్టేజీలు ఒక పేజీలో పెట్టి వెంట తీసుకెళ్లండి. ‘ఫ్యూజు అక్కడే ఎందుకు?’ అని అడిగితే జవాబు మీ చేతిలోనే ఉంటుంది.