తుపాను పిదప తాపీపని

తూర్పుతీరమున తుపాను వెడలిపోయిన మూడవనాడే తాపీ చప్పుడు వినవచ్చును. ఆ తొందర సహజమే. తడిసిన గోడల నడుమ పిల్లలతో పండుకొను గృహస్థుని వేచియుండుమనుట సులభము కాదు. కాని గాలివానకు నిలిచిన గోడ పెక్కుచోట్ల అనంతరపు మరమ్మతుచేతనే చెడుచున్నదని చెప్పక తప్పదు.

మొదట గాలి సంగతి. గాలి కప్పును క్రిందికి నొక్కునని పలువురు తలచెదరు. నిజమునకు అది కప్పుమీదుగా పరువిడునపుడు దానిని పైకి లాగును. ఆ లాగుడు మూలలందును, చూరులందును, కప్పు వెన్నునొద్దను మిక్కుటము. గాలికెదురుగా నున్న తలుపొకటి విరిగెనా, లోన జొచ్చిన గాలియు క్రిందినుండి త్రోయును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు మేడల అద్దములు రాలిపోయినవి. విమానాశ్రయపు కప్పు సైతము చెడినది. అదే ఉత్తరాంధ్ర తీరమున మన పెద్దలు కట్టుకొన్న చుట్టిండ్లను చూడుడు. గుండ్రని గోడకు గాలి పట్టు దొరకదు; నేలకు దాపుగా దిగివచ్చిన తాటియాకు కప్పు క్రింద అది దూరుటకు సందు లేదు. అయినను ఉప్పెన యెదుట చుట్టిల్లును నిలువదు. 1977 నవంబరు 19న దివిసీమపై కడలి పొంగినపుడు సుమారు పదివేలమంది మడిసిరి. అట్టిచోట ప్రాణమునకు ఎత్తైన కాంక్రీటు ఆశ్రయమే దిక్కు.

పెంకుటింటివారు చేయవలసినది స్వల్పము. పెక్కిండ్లలో వాసము దూలముమీద కూర్చున్నదేగాని బిగింపబడి యుండదు. ఇనుపబద్దలతో వాసమును దూలమునకును, దూలమును గోడకును బంధింపవలెను. చూరువెంట రెండుమూడు వరుసల పెంకులను తీగతో రీపర్లకు కట్టింపవలెను. చూరు మూరెడుకు మించి వెలికి సాగరాదు. వసారా కప్పును ఇంటికప్పుతో ఏకముగా దింపుట మనవారి అలవాటు. చూపునకు సొంపే, గాని వసారా లేచునపుడు ఇంటికప్పును వెంట గొనిపోవును. వేరుగా కట్టినచో అది పోయినను ఇల్లు దక్కును. పాలేరుల యిండ్లకు రేకులిచ్చి మేలొనర్చితిమని తృప్తినొందు భూస్వాములు ఒక్కమాట ఆలకింతురుగాక: బోల్టులతో బిగింపని రేకు గాలిలో కత్తివలె ఎగురును, అది తెగవేయునది ఆ పాలేరు బిడ్డనో పొరుగువానినో.

ఇక నీరు. వరద తీసిన యింట అడుగిడుటకు ముందు విద్యుత్తును మొదటనే ఆపివేయవలెను. పాతయిండ్ల గోడలు మట్టితోనో సున్నముతోనో కట్టిన ఇటుకగోడలు. అట్టి గోడ నీరు త్రాగును, మరల గాలికి విడుచును. దానికి సిమెంటు పూత పెట్టినచో త్రాగిన నీరు వెలికి రా దారిలేక పైకెక్కును. నీటితోడి యుప్పు పూతవెనుక పేరుకొని, పూతను ఇటుకపొరతోగూడ ఊడదోయును. యజమాని సిమెంటు చాలలేదని తలచి మరింత మందముగా పూయించును! చెమ్మ మరొక మూరెడు పైకెక్కును. తీరగ్రామములందు ఈ తంతు ఏటేట జరుగుచునే యున్నది.

చేయదగినది వేరు. ఉబ్బిన పూతను తడిగుర్తుకు పైవరకు రాల్చివేసి, తలుపులు తెరచి గాలి ఆడనీయవలెను. ఉప్పునీరు నిలిచిన గోడను మంచినీటితో కడుగవలెను. పిదప ఆరినకొలది పైకి వచ్చు తెల్లని పొడిని పొడికుంచెతో దులుపవలెనేగాని మరల తడుపరాదు. జేనెడు మందపు గోడ ఆరుటకు వారములు గాదు, నెలలు పట్టును. అటుపిమ్మట ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నము పూయవలెను; కరక్కాయ, బెల్లము నానిన నీటిని అందు కలుపుట మన పాతమేస్త్రీలు ఎరిగిన పద్ధతియే. అట్టి మేస్త్రీ దొరకుట నేడు కష్టమే. దొరకిన యూరివారు అదృష్టవంతులు.

కాంక్రీటు మేడలకు మాత్రము చిక్కు వేరు. బీటలగుండ ఉప్పునీరు దిగినచో లోని యినుము త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె హెచ్చు చోటాక్రమించి కాంక్రీటును పగులగొట్టును. ఆ పగులుమీద పూత మెత్తుట పుండుమీద గుడ్డ కప్పినట్లే. చెడిన కాంక్రీటును కొట్టివేసి, త్రుప్పును గీకి, సన్నగిలిన కడ్డీకి తోడు కడ్డీ వేసి మరల పోయవలెను. దీనికి ఇంజనీరు సలహా పొందక మేస్త్రీ మాటపై ఆధారపడుట ప్రమాదకరము. సముద్రపుటిసుక చవుకయని తెచ్చుకొన్నవాడు ఈ త్రుప్పును కొని తెచ్చుకొన్నట్లే.

కప్పు బిగించుటకు అనువైన కాలము మాఘము మొదలు చైత్రమువరకు. కార్తికము రావలెనుగదా యని యుపేక్షించుటకు వీలులేదు. 1979లోను, 1990లోను మే నెలయందే పెనుతుపానులు మన తీరమును తాకినవి. వాసములను చూపించుకొనుటకు ఆ నెలలలో వడ్రంగి పిలిచిననాడు వచ్చును. గాలివాన వెలసిన మరునాడు ఊరంతకు ఆ యొక్క వడ్రంగియే.