సైకిలుకొక దారి

తెల్లవారకముందే నగరపు రోడ్డెక్కే వాహనాల్లో సైకిలు ఒకటి. ఇంటింటికీ పత్రికలు వేసే కుర్రవాళ్ళు, కట్టడాల పనికి పోయే కూలీలు, రాత్రి కాపలా ముగించుకొని ఇల్లు చేరేవారు, బడిపిల్లలు - వీరిలో చాలామందికి అదే ఆధారం. నగరం పెరిగేకొద్దీ రోడ్లు వెడల్పవుతాయి. కాని ఆ వెడల్పంతా మోటారు వాహనాల పాలవుతుంది. సైకిలు తొక్కేవాడు రోడ్డు అంచుకు, అక్కడి నుండి మట్టిలోకి జరుగుతాడు.

ఇందులోని అపాయాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. వేగం రెట్టింపయితే వాహనపు గతిజశక్తి నాలుగింతలవుతుంది. అంటే గంటకు 60 కి.మీ. వేగంతో వచ్చే కారు ఢీకొంటే, 30 కి.మీ. వేగంతో వచ్చే అదే కారుకన్న నాలుగింతల శక్తితో ఢీకొంటుంది. సైకిలు సాధారణంగా 15 కి.మీ. వేగంతో పోతుంది. ఈ రెండింటినీ ఒకే దారిన పొమ్మనడం ఏనుగుల మందలోకి లేగదూడను తోలడమే.

తెల్లగీత గీస్తే సరిపోదా? సరిపోదు. గీత మీదికి బస్సు ఎక్కుతుంది, గీత లోపల ఆటో ఆగుతుంది. మధ్యలో రాతి గట్టో, మొక్కల వరుసో, దగ్గర దగ్గరగా పాతిన స్తంభాలో ఉన్నప్పుడే అది రక్షిత మార్గం.

నేడు సైకిళ్ళకు పేరుపొందిన నెదర్లాండ్స్ దేశానికి కూడా ఇది ఊరికే రాలేదు. 1971లో అక్కడ సుమారు 3,300 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి 'పిల్లల హత్య ఆపండి' అని ఉద్యమించారు. 1973లో వచ్చిన చమురు కొరత కూడా తోడై ప్రభుత్వాన్ని కదిలించింది.

మన ఎండలకు సైకిలేమిటి అనేవారు స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరాన్ని చూడాలి. అక్కడ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 2006కు ముందు ఆ నగరంలో సైకిలు తొక్కేవారు బహు తక్కువ. రోజుకు ఆరువేల ప్రయాణాలకు మించి ఉండేవి కావు. నగరపాలకులు అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క వేయలేదు. ఇళ్ళనూ, బడులనూ, విశ్వవిద్యాలయాన్నీ, అంగళ్ళనూ కలుపుతూ దాదాపు 80 కి.మీ. మార్గాన్ని కొద్దికాలంలోనే పూర్తిచేశారు. ఆకుపచ్చని నేల, పక్కన గట్టు. రానూ పోనూ అదే దారి. స్థలం ఎక్కడిదంటారా? చాలాచోట్ల కార్లు నిలిపే చోటునే తీసుకున్నారు. కొన్నేళ్ళలోనే ప్రయాణాలు రోజుకు 70,000 దాకా పెరిగాయి. 2011 తరువాత ఆ సంఖ్య కొంత తగ్గింది. అయినా పాత స్థితి మళ్ళీ రాలేదు.

ముక్కలు ముక్కలుగా వేయకపోవడమే ఇందులోని అసలు కీలకం. కిలోమీటరు మేర దారి బాగుండి, పెద్ద కూడలి దగ్గర మాయమైతే, ఏ తల్లీ పదేళ్ళ పిల్లను దానిమీద బడికి పంపదు. కూడలిలోనే అపాయం ఎక్కువ. ఎడమకు తిరిగే లారీ డ్రైవరుకు పక్కనున్న సైకిలు కనిపించకపోవచ్చు. అందువల్ల మంచి కూడలిలో సైకిలును ముందుకు తెచ్చి నిలుపుతారు; లేదా దానికి వేరే సిగ్నలు ఇస్తారు.

మహారాష్ట్రలోని పుణె ఒకప్పుడు సైకిళ్ళ నగరంగా పేరుపొందింది. తరువాత స్కూటర్లు, మోటారు సైకిళ్ళు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. 2006లో ప్రత్యేక బస్సు మార్గాలు మొదలైనప్పుడు వాటి వెంట సైకిలు దారులూ వేశారు. వాటిలో చాలా భాగం తెగిపోయి, పార్కింగుకూ తోపుడు బండ్లకూ నెలవయింది. హైదరాబాదులో 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి పక్కన 23 కి.మీ. సైకిలు మార్గం ప్రారంభమయింది. దాని పైకప్పు సౌరఫలకాలతో కట్టినది. కింద నీడ, పైన విద్యుత్తు - ఆలోచన మెచ్చదగినదే. ఉదయం వ్యాయామానికి వచ్చేవారికి అది ఎంతో అనువుగా ఉంది. అయితే పాత బస్తీలో ఇల్లూ, రెండు కిలోమీటర్ల అవతల బడీ ఉన్న పిల్లవాడి దారి ఆ రహదారి మీదుగా పోదు.